చీపురు గీసిన గీత

మాస్టారు పోయారని ఆయన కొడుకు ఫోన్ చేశాడు. బళ్లో నాకు డ్రాయింగు చెప్పిన మాస్టారు. గాజువాకలో షేర్ ఆటో ఎక్కి మల్కాపురం చేరేలోపే ఫోన్‌లో సంతాపాలు మొదలయ్యాయి. "మహా కళాకారుడు" అని రాసినవాళ్లలో సగంమంది ఆయన బతికుండగా "రంగు ఒలికిపోయిందేటి బావా" అని ఎగతాళి చేసినవాళ్లే. నాకు ఒళ్లు మండింది.

ఆయన బొమ్మల్లో చెట్టూ చేమా ఉండవు, మనిషీ ఉండడు. లారీల మీద కప్పే పాత బరకం నేల మీద పరిచి, ఓడలకు వేసే ఎర్రరంగు డబ్బా పక్కన పెట్టుకుని, పొద్దంతా దాని చుట్టూ ఊరికే తిరిగేవారు. టీ చల్లారిపోయేది. ఉన్నట్టుండి ఒక్క ఊపున గీసేసేవారు. నేను గీసిన గీతను దిద్దబోతే చెయ్యి పట్టుకునేవారు. "ఆలోసించి గీసిన గీత అబద్దమాడతాది. వదిలీ." అందరూ తిన్నగా గీయమంటే, భయపడకుండా గీయమన్నది ఆయనొక్కరే.

ఆయన భార్య, మా అమ్మగారు, పోయిన రోజు శ్మశానం నుంచి వచ్చి, స్నానం కూడా చెయ్యకుండా పెరట్లోకి వెళ్లారు. ఇంటి చీపురు రంగులో ముంచి బరకం ఈ చివర నుంచి ఆ చివరికి ఈడ్చారు. "మైల ఒంటితో ఆ పనులేటి?" అని చుట్టాలు తిట్టిపోశారు. ఆయన చీపురు పారేసి, అప్పుడు ఏడ్చారు. అప్పటిదాకా కంట తడి లేదు.

ఆ బొమ్మను ప్రదర్శనకు పట్టుకెళ్తే, అర్థమేమిటో రాసిమ్మన్నారట. "ఏడుపుకి అర్థం అడుగుతారేటి?" అని చుట్టి చంకన పెట్టుకుని వచ్చేశారు. మళ్లీ ఎవరికీ చూపించలేదు. నాతో మాత్రం, "నా తరవాత నువ్వుంచుకో. మడత పెట్టకు, రంగు రాలిపోతాది" అన్నారు.

మొన్న ఆటో దిగి వెళ్లేసరికి మాస్టారి ఇంటి ముందు అదే బరకం నీడకు కట్టి ఉంది. రంగు వైపు పైకి. కింద మాస్టారు.

"ఏటిది?" అని కొడుకు మీద విరుచుకుపడ్డాను.

"ఎండ కదన్నా. షామియానా వోడు రాలేదు. రంగు మీద పడతాదని అటేపు తిప్పీసినాం."

తండ్రి శవం పక్కన వాడితో ఏం పోట్లాడను? "విప్పాక మడత పెట్టించకు, నేను తీసుకెళ్తాను" అన్నాను. తలూపాడు.

పాడె వెంట వెళ్లి వచ్చేసరికి బరకం నాలుగు మడతల్లో అరుగు మీద ఉంది. ఆయన గీత పెళ్లలు పెళ్లలుగా వాకిట్లో రాలి ఉంది. శవం లేచాక వాకిలి కడగాలి కదా. పక్కింటామె నీళ్లు కొట్టి, ఆ ఎర్ర పెళ్లలను చీపురుతో కాలవలోకి తోస్తోంది.

"జరగండి బాబూ, కాళ్లకి అంటుకుంతాది" అంది.

నేను జరిగాను.