ఫిట్టా, అన్‌ఫిట్టా

మా తమ్ముడికి రక్తపరీక్ష అంటే గల్ఫ్ మెడికల్. మా జగిత్యాల వైపు చాలామంది మగవాళ్లకు అంతే. రక్తం తీస్తారు, ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, రెండు రోజుల తర్వాత ఏజెంటు ఫోన్ చేసి ఒక్క మాట చెబుతాడు. ఫిట్ అంటే విమానం, అన్‌ఫిట్ అంటే ఇల్లు. రక్తంలో ఏముందో, ఏది ఎంత ఉండాలో ఎవరూ అడగరు.

ఒకసారి ఫిట్ అయి వెళ్లి, రెండేళ్లు పనిచేసి వచ్చాడు. రెండోసారి మెడికల్‌కు పోతే అన్‌ఫిట్ అన్నారు. ఎందుకో చెప్పలేదు. అప్పటికే వాడికి ఎడమ డొక్కలో బరువుగా ఉండేది, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. నేను కోరుట్ల నుంచి వెళ్లి వాణ్ణి జగిత్యాలలో డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. వాడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. చంకనెత్తుకుని తిప్పినదాన్ని, చెయ్యి పట్టుకుని లాగే అలవాటు ఇప్పటికీ పోలేదు.

ఆ రోజు రిపోర్టులో తెల్లకణాలు లక్షా ఎనభై వేలు. పదకొండు వేలు దాటకూడదు. యంత్రం తప్పు చూపిందేమోనని ల్యాబతను మళ్లీ రక్తం తీశాడు. మళ్లీ అంతే వచ్చింది. హైదరాబాదు పెద్దాసుపత్రిలో రోగానికి పేరు పెట్టారు. రక్త క్యాన్సరే, కానీ నెమ్మదిగా నడిచే రకం, దీర్ఘకాలిక ల్యుకేమియా. రోజుకొక మాత్ర, బతికినన్నాళ్లూ. మాత్ర వేసుకుంటే మామూలుగానే బతకవచ్చు అన్నాడు డాక్టరు. నేను "మామూలుగానే" అన్న మాట పట్టుకుని బయటికొచ్చి ఏడ్చాను. "వేసుకుంటే" అన్న మాటను అక్కడే వదిలేసి వచ్చాను.

నేను కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. అంకెలంటే భయం లేదు, కొంచెం పొగరు కూడా ఉంది. నెల తిరిగేసరికి రిపోర్టు చదవడం నేర్చుకున్నాను. ఎడమవైపు పేరు, మధ్యలో వాడి అంకె, కుడివైపు ఎంత నుంచి ఎంత దాకా ఉండాలో ఆ హద్దు. హద్దు దాటితే అంకె నల్లగా, లావుగా పడుతుంది. తెల్లకణాలు, ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ఈ మూడింటికీ ఎర్రపెన్నుతో సున్నలు చుట్టి ఫైల్లో పెట్టేదాన్ని. జవాబు పత్రాలు దిద్దినట్టే ఉండేది.

చుట్టుపక్కల వాళ్లతోనే వేగలేకపోయాను. మా ఊళ్లన్నిటికీ రక్తం సంగతి నేర్పింది డెంగీ. ప్లేట్‌లెట్లు తగ్గితే చావు, పెరిగితే బతుకు, అంతవరకే తెలుసు. వీడికి మొదట్లో ఆరు లక్షలు ఉంటే, "ఆరు లక్షలా, ఇగ నీ తమ్మునికి ఏం ఢోకా లేదు టీచరమ్మా" అని పక్కింటామె సంబరపడింది. ఆ పెరగడమే రోగం అని చెబితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. బొప్పాయి ఆకుల రసం గ్లాసెడు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది. నేను కోపంగా మోరీలో పారబోశాను. నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనే గర్వం ఆ కోపంలో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మాత్ర పనిచేసింది. మూడు నెలల్లో తెల్లకణాలు హద్దులోకి వచ్చాయి. వాడు పెళ్లాన్ని తీసుకుని సిరిసిల్ల వెళ్లి సాంచాల మీద పనికి కుదిరాడు. సాంచాలంటే మరమగ్గాలు. నాలుగు సాంచాల మధ్య పన్నెండు గంటలు నిలబడి తిరగాలి. ఆ మాత్ర వేసుకున్న పూట వాంతి వచ్చినట్టుండేది, కళ్ల కింద ఉబ్బేది, పిక్కలు పట్టేసేవి. నిలబడి బతికేవాడికి పిక్కలు పట్టేస్తే ఎట్లా ఉంటుందో కుర్చీలో కూర్చుని పాఠం చెప్పే నాకు తెలియలేదు. ఫోన్లో వాడు ఆ మాట ఎత్తితే, "గంత పెద్ద రోగం పోతుంటే పిక్కల ముచ్చటేందిరా" అని కసిరేదాన్ని.

ఇంకో పరీక్ష ఉంది. మూడు నెలలకొకసారి హైదరాబాదులో చేసేది. తెల్లకణాలు ఎన్ని ఉన్నాయో కాదు, రోగం తాలూకు వేరు రక్తంలో ఎంత మిగిలిందో అది చెబుతుంది. శాతంలో వస్తుంది. మొదట అరవై ఎనిమిది, తర్వాత తొమ్మిది, ఏడాదికి సున్నా పాయింట్ ఏడు. ఇంకా దిగాలి. వాడికి ఈ పరీక్ష సంగతి నేను సరిగ్గా చెప్పలేదు. చెప్పబోతే వాడు వినేవాడు కాదు, వాడు వినకపోతే నాకు చిరాకు. "గా కాయితమంత నువ్వే సదువుకో అక్కా, నాకు ఒక్క మాట చెప్పు. ఫిట్టా, అన్‌ఫిట్టా?" అనేవాడు ప్రతిసారీ.

ఒక మధ్యాహ్నం బడిలో అన్నం తింటూ ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. సిరిసిల్ల ల్యాబులో చేయించిన రిపోర్టు ఫోటో పంపించాడు. తెల్లకణాలు ఆరువేల ఎనిమిది వందలు. ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు. నల్లగా పడిన అంకె ఒక్కటి లేదు. వెంటనే ఫోన్ చేశాడు, అదే ప్రశ్న. గంట కొట్టే టైమైంది. నా నోట్లో ముద్ద ఉంది.

"ఫిట్టేరా తమ్మీ" అన్నాను.

వాడు పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను.

మళ్లీ వాడితో హైదరాబాదు ఆసుపత్రిలో కూర్చునేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. మధ్యలో వాడు నెలనెలా పోయి మాత్రలు తెచ్చుకుంటున్నాడనే నాకు తెలుసు. పెద్ద పరీక్ష మాత్రం రెండుసార్లు ఎగ్గొట్టాడని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఈసారి డాక్టరు పట్టుబట్టి చేయించాడు. శాతం ఇరవై మూడు.

డాక్టరు కళ్లద్దాలు తీసి, "మాత్రలు ఆపారా?" అని అడిగాడు.

"ఆపిన సారు" అన్నాడు మా తమ్ముడు, దాచాల్సింది ఏమీ లేనట్టు. "మా అక్క ఫిట్ అన్నది."

డాక్టరు నా వైపు చూశాడు. నేను లెక్కల టీచర్నని ఆయనకు తెలుసు. ఆ ఎర్ర సున్నల ఫైలు చూసి ఒకసారి మెచ్చుకున్నాడు కూడా. నేను మొదటి పరీక్ష, ఆ కణాల లెక్క గురించే ఆ మాట అన్నానని చెప్పబోయాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆ సాయంత్రం సిరిసిల్లలో మరదలు సంచి తెచ్చి నా ముందు బోర్లించింది. విప్పని మాత్రల పెట్టెలు. "తెచ్చినయి తెచ్చినట్టే పెట్టిండు వదినా. అడిగితే అక్క ఫిట్ అన్నది, ఫిట్ అయినోనికి మందులెందుకు అన్నడు. నువ్వు సదువుకున్నదానివి, నేనేమంట?" అంది. నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. మాత్ర మానేశాక పిక్కలు పట్టేయడం పోయి హాయిగా పనిచేసుకున్నాడని కూడా చెప్పింది.

ఆ రోజు నుంచే మళ్లీ మాత్ర మొదలుపెట్టించారు. మూడు నెలలు ఒక్క పూట కూడా తప్పకుండా మింగాడు. శాతం దిగలేదు, ముప్పై ఒకటికి పెరిగింది. రోగం ఆ మాత్రకు లొంగని రకంగా మారిందేమో చూడాలని ఇంకో రక్తపరీక్షకు పంపారు. దాని ఫలితం నా ఫోన్‌కు వచ్చింది. మారింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, "ఆపినందుకే ఇలా అయిందని గట్టిగా చెప్పలేను. ఆపకపోతే ఇలా అయ్యే అవకాశం తక్కువ" అన్నాడు. ఇంకో మందు ఉందట. అది తెప్పించాలి, పనిచేస్తుందో లేదో చూడాలి. పనిచేయకపోతే అని నేను అడగబోతే, "ముందు ఇది చూద్దాం" అన్నాడు.

మర్నాడు వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను. దారంతా వాడికేం చెప్పాలో వెతుక్కున్నాను. ఒక్క మాట దొరకలేదు. షెడ్డులో సాంచాల మోతకు పక్కనున్నవాళ్ల మాట కూడా వినబడదు. నన్ను చూసి వాడు తన నాలుగు సాంచాలూ ఆపి, చేతులు తుడుచుకుంటూ గోడ వెనక్కి వచ్చాడు.

వాణ్ణి కూర్చోబెట్టి, రిపోర్టు వెనక్కి తిప్పి గీసి చూపించాను. మొదటి పరీక్ష చేన్లో పైకి కనబడే గరికను లెక్కపెడుతుంది, రెండోది మట్టిలో ఉన్న వేరును వెతుకుతుంది. పైన కోసేస్తే చేను శుభ్రంగానే కనిపిస్తుంది. అరవై ఎనిమిది నుంచి సున్నా పాయింట్ ఏడు దాకా, అక్కణ్ణుంచి ఇరవై మూడు, ముప్పై ఒకటి దాకా గీత గీశాను. మందుకు లొంగని రకం అంటే ఏమిటో చెప్పాను. రాబోయే మందు సంగతి, అది పనిచేయకపోవచ్చన్న సంగతి కూడా దాచలేదు. అంతా కలిపి పావుగంట కూడా పట్టలేదు. వాడు ఒక్కసారి కూడా చూపు తిప్పుకోలేదు.

"అంటే, నువ్వు ఫిట్ అన్ననాడు పై గడ్డే పోయింది. వేరు అట్లనే ఉండె. మాత్రనే దాన్ని తొక్కి పట్టింది. గంతేనా?"

"గంతే."

కాగితం చేతిలోకి తీసుకుని, గీత దిగి మళ్లీ లేచిన చోట వేలు పెట్టి చూశాడు.

"గింత అల్కగ అర్థమయ్యే ముచ్చటాయె" అన్నాడు. "గిట్ల కూసోబెట్టి అప్పుడే చెప్తే, నేను మాత్ర మింగుదును గదనే అక్కా."

వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.