నాగలి పక్కన బక్కాయన

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. కరోనా తగ్గి విమానాలు మళ్ళీ మామూలుగా తిరుగుతున్న కాలం. హైదరాబాదులో చిత్రకళ చదివి, దుబాయ్‌లో ప్రదర్శనలకు హాళ్ళు సిద్ధం చేసే చిన్న కంపెనీలో చేరాను. బొమ్మల కింద అతికించే వివరణ చీటీలు రాయడం నా పని. (రాసేది నాలుగు వాక్యాలు, నడక మాత్రం మ్యూజియం అధిపతిది.) బొమ్మలను గోడకు బిగించే వడ్రంగి జగిత్యాల వైపు మనిషి, సోనాపూర్ కూలీల క్యాంపులో ఉండేవాడు. అందరూ కాక (బాబాయ్) అని పిలిచేవారు, నాకూ కాకే.

ఆసారి వచ్చినవన్నీ ఐదువందల ఏళ్ళ కిందటి యూరప్ బొమ్మల నకళ్ళు. ఆ కాలపు చిత్రకారులు చావును మనిషిగా, అంటే నడిచే ఎముకల గూడుగా గీసేవారు. ఒకచోట ఇసుక గడియారం పట్టుకుని రాజు పక్కన నిలబడతాడు, ఇంకోచోట పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని నాట్యమాడతాడు. పెట్టె విప్పగానే కాక చెప్పులు విడిచాడు. ఈయన ఎవరని అడిగితే మన యముడి లాంటివాడే అన్నాను. మరి దున్నపోతు ఏదన్నాడు. వాళ్ళ యముడు నడిచే వస్తాడని చెప్పి, చావు ముందు అందరూ సమానమేనంటూ పావుగంట ఉపన్యాసమిచ్చాను. కాక మేకులు నోట్లో పెట్టుకుని ఓపికగా విన్నాడు (జవాబు చెప్పే వీలు లేదు కదా).

మధ్యాహ్నానికి ఒక్క బొమ్మ మిగిలింది. ముసలి రైతు నాగలి పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. ఎముకల మనిషి పక్కన పరుగెడుతూ గుర్రాలను అదిలిస్తున్నాడు. దాని చీటీలో నేను, కష్టజీవిని కూడా కనికరించని మృత్యువు అని ఇంగ్లీషులో గంభీరంగా రాసిపెట్టాను. ముదీర్, అంటే మా మేనేజరు, యల్లా యల్లా అని తొందరపెడుతున్నా కాక ఆ బొమ్మ ముందు నుంచి కదలడు. చీటీలో ఏముందని అడిగాడు. చదివి అర్థం చెప్పాను.

"కాదు బిడ్డా," అన్నాడు నెమ్మదిగా. "ముసలాయనకు చాతనైతలేదు. గీయన సాయమొచ్చిండు. సూడు, ఎట్ల అదిలిస్తుండో."

తర్వాత చెప్పాడు. లాక్‌డౌన్‌లో వాళ్ళ నాయన మక్కజొన్న చేనులో పని చేస్తూ చేస్తూ పడిపోయాడట. విమానాలు లేక కాక వెళ్ళలేకపోయాడు. ఆఖరి ఘడియలో పక్కన ఒక్క మనిషి కూడా లేకపోయాడని వాళ్ళమ్మ ఇప్పటికీ ఏడుస్తుందట.

అన్నం వేళ తల్లికి వీడియో కాల్ చేసి ఆ బొమ్మ చూపించాడు. "నాయిన ఒక్కడే పోలేదు అవ్వా. గిట్ల ఒకాయన సాయమొచ్చి ఉంటడు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గింత బక్కగున్నడు. ఏమన్న తిన్నడో లేదో."

కాక నవ్వాడు. నవ్వుతూనే ముఖం అటు తిప్పుకున్నాడు.

ముదీర్ చూడకుండా ఆ బొమ్మ కింది చీటీ పీకి జేబులో వేసుకున్నాను. అడిగితే జిగురు పట్టక ఊడిపోయిందని చెప్పాను. (ఆ ఉద్యోగంలో నా మొదటి అబద్ధం.) ప్రదర్శన జరిగినన్నాళ్ళూ ఆ బొమ్మ చీటీ లేకుండానే ఉంది. జనం మిగతా వాటికంటే దాని ముందే ఎక్కువసేపు నిలబడుతుంటే, మాటలు తీసేసి బొమ్మకు ప్రాణం పోసిన ఘనుణ్ణని మురిసిపోయాను. వాళ్ళంతా చీటీ ఎక్కడుందా అని వెతుక్కుంటున్నారని, పాపం, అప్పటి నాలోని ఆ కుర్రాడికి తట్టనే లేదు.