నా దగ్గర దాచిన మాట

నేను తాగుడు మొదలుపెట్టింది దుఃఖంతో కాదు, ఏ పనీ లేక. అరవై తొమ్మిదిలో నేను జనగామలో హైస్కూలు ఆఖరు తరగతిలో ఉన్నాను. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి బళ్లు మూతపడ్డాయి. మొదట్లో ఊరేగింపుల్లో తిరిగాను. నా చేతిరాత బాగుంటుందని అట్టల మీద నినాదాలన్నీ నాతోనే రాయించేవారు. ఒకసారి లాఠీ దెబ్బ భుజం మీద పడి వారం రోజులు చెయ్యి పైకి లేవలేదు. ఆ తర్వాత పాఠాలు లేవు, పరీక్షలు లేవు. ఊరికి పోయి నాయిన ముందు ఖాళీగా కూర్చోవడానికి మనసు రాలేదు. అద్దె గదిలో ఉండే ముగ్గురం సాయంత్రమైతే కల్లు దుకాణానికి పోయేవాళ్లం. మరుసటి ఏడు బళ్లు మామూలుగా నడిచాయి. మిగతా ఇద్దరూ కల్లు మానేసి చదువులో పడ్డారు. నేను చదివాను గానీ కల్లు మానలేదు.

రఘునాథపల్లి దగ్గర మా ఊళ్లో నన్ను పెంచింది మా అక్క. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు, అక్కకు పన్నెండు. ఆమెకు చదువు రాదు. పెళ్లయి మానుకోట పోయాక (మహబూబాబాదును మేము అట్లాగే అంటాం) నేను రాసే ఉత్తరాలను పక్కింటివాళ్లతో చదివించుకునేది. ఒకసారి వచ్చినప్పుడు, "తమ్మీ, జర పెద్దక్షరాలు రాయి. పక్కింటాయనకు కండ్లు కానరావు, ఊరంత ఇనేటట్టు అరుస్తడు" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

టీచరు ట్రైనింగు అయ్యాక నన్ను భూపాలపల్లి అవతల అడవి అంచున ఉన్న ఒక పల్లెకు వేశారు. బడికి నేనొక్కడినే పంతులును. ఆ ఊరి మగవాళ్లు చాలామంది బొగ్గుబాయి పనికి, అంటే గనుల్లోకి, దూరం పోయి ఉండేవారు. వాళ్ల దగ్గర నుంచి కార్డులు వచ్చేవి. చదివి పెట్టేది నేనే, జవాబు రాసేది నేనే. ఎవరి ఇంట్లో రోగముందో, ఎవరికి ఎవరితో పడదో నాకు తెలిసేది. ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసేవాణ్ని కాదు. అదొక గొప్ప గుణమని అప్పుడు నేననుకోలేదు. బడి గంట కొట్టినట్టే అదీ ఒక పని.

ఆ ఊళ్లో ఇప్పసారా కాసేవారు. కల్లు నుంచి నేను దానిలోకి దిగాను. మొదట ఆదివారాలు, తర్వాత ప్రతి సాయంత్రం.

ఆ కార్డులు తెచ్చేవాళ్లలో ఒకామె ఉండేది. ఆమె బిడ్డ నా దగ్గర రెండో తరగతి చదివేది. భర్త బొగ్గుబాయికి పోయి మూడేళ్లు. అత్తమామల ఇంట్లో ఉండి వాళ్ల పొలం చేసేది. ఒక రోజు మధ్యాహ్నం అన్నం గంటకు కార్డు తెచ్చింది. తాను అక్కడ ఇంకో ఆమెతో ఉంటున్నానని, ఇక రానని, తన కోసం చూడొద్దని భర్త రాయించాడు. నేను చదవడం ఆపితే, "మొత్తం చదువు సారూ" అంది. చదివాను. ఆమె ఏడవలేదు. కార్డు తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"సారూ, గీ మాట నీ కడుపులనే ఉండనియ్యి. దసరాకు వస్తడని మా అత్తకు చెప్తున్న. బిడ్డ జర పెద్దగైతే ఏదో ఒక తొవ్వ చూసుకుంట."

"నా నోట్ల నుంచి రాదు చెల్లె" అన్నాను. నిజంగానే అన్నాను.

రెండు నెలలు దాచాను. దసరా ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం సారా కాసేచోట పదిమందిమి కూర్చున్నాం. ఎవరో ఆమె భర్త పేరెత్తి, "పండుగకు వస్తున్నడట, మేకను కోస్తరట" అన్నారు. నాకు నవ్వు వచ్చింది. ఎందుకు వచ్చిందో ఈ రోజుకూ చెప్పలేను.

"ఆడేడ వస్తడు? ఆడ ఇంకోదాన్ని ఉంచుకున్నడు. రానని రాసిండు గద" అన్నాను.

ఆమె మరిది నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

మరునాడు ఆమె బడి గడప దాకా వచ్చింది. లోపలికి రాలేదు. "సారూ, నీకు నేనేం జేసిన?" అంది. పిల్లలందరూ నా వైపు చూస్తున్నారు. నేను నల్లబల్ల వైపు తిరిగాను. కొడుకే వద్దన్నాక కోడలెందుకని అత్తవారు ఆ వారంలోనే ఆమెను పంపించేశారు. ఆమె బిడ్డను తీసుకుని నర్సింహులపేట పక్క తల్లిగారి ఊరికి వెళ్లిపోయింది. హాజరు పుస్తకంలో ఆ పిల్ల పేరు కొట్టివేసి, పక్కన 'ఊరు విడిచినది' అని నా చేత్తోనే రాశాను.

ఆ తర్వాత నేను తాగింది తాగుడు కాదు, నన్ను నేను పూడ్చుకోవడం. బడి తాళం వేసి ఉండగా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నన్ను సస్పెండు చేశారు. కళ్లు పచ్చబడి లేవలేని స్థితిలో ఉన్నప్పుడు ఎవరో చెప్తే అక్క వచ్చింది. బస్సులో తన ఒడిలో నా తల పెట్టుకుని మానుకోట తీసుకుపోయి దవాఖానలో వేసింది.

అక్కడ ఒక ముసలి కాంపౌండరు ఉండేవాడు. తురకాయన. ఒకప్పుడు తనూ బాగా తాగినవాడేనట. సూది వేసి వెళ్లిపోయేవాడు కాదు, మంచం పక్కన నిలబడేవాడు.

"మాస్టర్ సాబ్, తాగుడు ఎందుకు మానాల్నో చెప్పు."

"నౌకరి కోసం. అక్క పరువు కోసం. పాణం కోసం."

"గవి నలుగురు చెప్పే మాటలు. నేను గూడ చెప్తా. నీ మాట చెప్పు. ఏది పోతే నువ్వు నువ్వు కాకుంట పోతవ్?"

రోజూ అదే అడిగేవాడు. నాకు విసుగొచ్చి ముసుగు తన్నేవాణ్ని.

ఒక రోజు పక్క మంచం మీది ముసలి రైతు దిండు కింద నుంచి కార్డు తీసి నా చేతికిచ్చాడు. చదవడం మొదలుపెట్టగానే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "మెల్లగ బిడ్డా. పక్కోళ్లు ఇంటరు." ఆయన చెవి దగ్గరకు వంగి చదివాను. ఇంటి సంగతులే, పెద్ద రహస్యమేమీ లేదు. చదవడం పూర్తయ్యేసరికి నా కళ్ల నీళ్లు కార్డు మీద పడ్డాయి. ఇంటి దగ్గర ఏదో జరిగితే నేను చదవకుండా దాచాననుకుని భయపడి ఆయనా ఏడ్చాడు.

ఆ సాయంత్రం కాంపౌండరుకు ఆ పల్లె సంగతంతా చెప్పాను. ఆయన సూది డబ్బా మూసి మంచం అంచున కూర్చున్నాడు.

"అయితే గదే నీది. మంది మాట దాచుడు. తాగితే గది ఉంటదా?"

"ఉండదు."

"ఇగ తాగొద్దని నేను చెప్పుడెందుకు?"

ఆ ఒక్క మాటతో మానేశానని చెప్తే అబద్ధం. ఇంటికి పంపిన మూడో నెలలో ఉద్యోగం కాగితాల కోసం జనగామ పోయి, బస్టాండు ఎదుట తాగాను. తిరిగి వస్తే అక్క తిట్టలేదు. అన్నం పెట్టి గోడ వైపు తిరిగి కూర్చుంది. కాంపౌండరు దగ్గరకు పోతే, "తాగిననాడు ఎవరన్న కార్డు తెస్తే చదివేటోనివా?" అని మాత్రం అడిగాడు. చదివేవాణ్ని కాదన్నాను. "మంచిగ జెప్పినవ్. మళ్లీ మొదలువెట్టు" అన్నాడు.

తాగుడు మానిన ఆరో నెలలో, నేను మాట తప్పిన ఆమెకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. రెండు వాక్యాలు రాశాక తోచింది, అది ఆమెకు ఇంకెవరో చదివి వినిపించాలి. చింపేసి, ఆమె తల్లిగారి ఊరికి నేనే బయలుదేరాను.

ఆమె మిరప చేలో కూలికి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టి, కాయలు తెంపుతూనే ఉంది. గట్టు మీద నిలబడి చెప్పాల్సింది చెప్పాను. తాగి అన్నానని, ఇప్పుడు మానేశానని, తప్పు నాదేనని.

"తాగి అన్నవో తాగకనే అన్నవో, నా బిడ్డెకు ఏం ఫరకు సారూ?"

ఆ పిల్ల అవతలి సాలులో ఉంది. పొడవు పెరిగింది. బడికి పంపమని, నేను మాట్లాడి చేర్పిస్తానని అన్నాను.

"సదువుకున్నోళ్లను చూసిన" అంది ఆమె. "పో సారూ, ఎండ అయితాంది."

బస్సు కోసం కూర్చున్నచోట ఎదురుగా కల్లు దుకాణం ఉంది. లేచి అటు పోలేదు. అందులో గొప్ప ఏమీ లేదు, అంతలోనే బస్సు వచ్చింది. ఇంటికి వచ్చి అక్కకు మొదటిసారి అంతా చెప్పాను. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది, నా కోసం కాదు, ఆ చేలో ఉన్న ఆమె కోసం.

మరుసటి ఏడు ఉద్యోగం తిరిగి ఇచ్చి చిల్పూరు వైపు ఒక ఊరికి వేశారు. అక్కడా కార్డులు తెచ్చారు. అందుకునే ముందు ప్రతి ఒక్కరికీ చెప్పేవాణ్ని. "నేను తాగుబోతును. మానేసిన. తాగినప్పుడు ఒకామె ఉత్తరం బయటవెట్టిన. ఇయ్యబుద్ధయితేనే ఇయ్యి." కొందరు వెనక్కి తీసుకున్నారు. ఒక ముసలవ్వ నా ముఖం చూసి, కార్డు కొంగున ముడేసుకుని పోయింది. రెండు రోజులకు మళ్లీ వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కింద కూర్చుని ముడి విప్పింది.

నర్సింహులపేట పక్క ఆ ఊరికి మళ్లీ పోవడానికి నాకు ముఖం లేకపోయింది. ఆ పిల్ల బడి మెట్లెక్కిందో లేదో నాకు తెలియదు.