మంజుల మెడలో కండె

మా చిన్నప్పుడు... కోరుట్లలో మా ఇంగ్లీష్ మీడియం బడిలో ఒక కండె ఉండేది. మరమగ్గానికి నూలు చుట్టే కట్టె కండె. మా సారుది సిరిసిల్ల, ఇంటి నుంచే తెచ్చారు. దానికి దారం కట్టి, తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో వేసేవారు.

తెలుగు మాట్లాడిన ఇంకొకరిని పట్టిస్తేనే అది మన మెడ దిగేది... సాయంత్రం బెల్లు కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాళ్లు గేటు దగ్గర మోకాళ్ల మీద నిలబడాలి. పిల్లల కోసం వచ్చిన తల్లులందరూ చూసేవారు.

నాకు నాలుగో ఏటి నుంచే ఇంగ్లీష్. మంజుల మాత్రం ఆరేళ్లప్పుడు కథలాపూర్ నుంచి వచ్చి మా తరగతిలో చేరింది. వాళ్ల నాన్న దుబాయిలో. "ఫోన్ల ఇంగ్లీషుల మాట్లాడు బిడ్డా, నేను వింట" అన్నాడట. ఆ ఒక్క ముచ్చట కోసం వాళ్లమ్మ బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి, రోజూ ఆటోలో తెచ్చి దింపేది.

ఒకరోజు కండె నా మెడలో పడింది. బెల్లుకు ఇంకాసేపే ఉంది... అందరూ నోళ్లు కుట్టేసుకుని కూర్చున్నారు. నా ముందున్న మంజుల జబ్బను గట్టిగా గిల్లాను.

"అమ్మా!" అంది.

"సార్... మంజుల తెలుగు!"

అంతే, రుచి మరిగాను. నిజం చెప్తున్నా, కండె నా మెడలో లేని రోజు కూడా గిల్లాను... వేరేవాళ్లకు సాయంగా. భలే నవ్వొచ్చేది.

కొన్నాళ్లకు మంజుల అరవడం మానేసింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా పెదవి విప్పలేదు. సారు చూసి "వెరీ గుడ్" అన్నారు.

ఆ తర్వాత ఆ పిల్ల ఇంగ్లీషూ మాట్లాడలేదు, తెలుగూ మాట్లాడలేదు. నాన్న ఫోన్ చేసినా చెవికి పెట్టుకుని ఊరుకునేదట. వాళ్లమ్మ వచ్చి ఏడిస్తే సారు తేల్చేశారు. "ఆరేండ్లకు తోలుకస్తే ఇంకెట్లొస్తదమ్మా? మూడేండ్లకే బడిల ఏయాలె."

మంజులను కథలాపూర్ సర్కారు బడికి మార్చారు. నాకు గిల్లడానికి మనిషి లేక కొన్నాళ్లు తోచలేదు.

మొన్న కోరుట్ల బస్టాండులో కనిపించింది. పక్కన చిన్న పాప, మెడలో బడి ఐడీ కార్డు.

"మూడేండ్లు నిండకముందే బడిల ఏసిన" అంది మంజుల. "నన్ను ఆరేండ్లకు ఏసిండ్రు కదా, ఆలస్యమైంది. గందుకే నాకు రాలె. నా బిడ్డకు గట్ల కావద్దు."

ఆలస్యం కాదు మంజులా, నేను... అని నోటిదాకా వచ్చింది. "మంచి పని చేసినవ్" అన్నాను.

పాప వైపు వంగి "నీ పేరేంది బిడ్డా?" అని అడిగాను. పాప భయంగా వాళ్లమ్మను చూసింది.

"తెలుగుల చెప్తే కోప్పడతరు వాళ్ల బడిల" అని మంజుల మురిపెంగా నవ్వింది.

ఇప్పుడు బడుల్లో కండెలు లేవు... రంగుల కుర్చీలు, బొమ్మల గోడలు. పరాయి భాష ఏ వయసులో మొదలుపెట్టాలని తల్లుల గ్రూపుల్లో రోజూ అడుగుతున్నారు. నాకైతే తెలియదు.

మీ మెడలో ఎవరు ఏం వేశారో అడగను... అది అందరూ రాస్తారు. మీరు ఎవరిని గిల్లారో కింద రాయండి.