వదిన నొక్కిన బటన్

మా వదినకు మూర్ఛ వచ్చే ముందు ఏదో కాలుతున్న వాసన వస్తుంది. చుట్టుపక్కల ఏదీ కాలదు. ఆ వాసన తగిలిందంటే ఆమె చేతిలో ఒక్క నిమిషం ఉన్నట్టు. పొయ్యి దగ్గరుంటే పక్కకు జరుగుతుంది, నిలబడి ఉంటే చటుక్కున నేల మీద కూర్చుంటుంది. ఆ తర్వాత ఆమెకు ఏమీ తెలియదు.

ఆమె మా ఆయనకు అక్క. భర్త పోయాక కూడా సముద్రం ఒడ్డున తన ఊళ్ళోనే ఉండిపోయింది. పడవలు ఒడ్డుకు రాగానే చేపలు కొని, ఎండబెట్టి అమ్ముతుంది. నేను వాకాడులో టీచర్ని. మా ఇంటికి వచ్చేయమని అడిగినప్పుడల్లా, "మీ మిద్దె మీద నా చేపలు ఆరబెడితే వీధంతా ఖాళీ చేసి పోతారు మే" అని నవ్వేసేది. అందుకని నెల్లూరులో విచారించి ఆమెకొక బటన్ కొన్నాను. మెడలో వేసుకునే బిళ్ళ అది. లోపల సిమ్ ఉంటుంది. నొక్కి పట్టుకుంటే నా ఫోన్ మోగుతుంది, నేను ఎత్తకపోతే మా ఆయన ఫోన్ మోగుతుంది. ఆ బిళ్ళలోంచే మాట్లాడుకోవచ్చు కూడా. ఒకసారి చేపలు తిరగేస్తుండగా, ఇంకోసారి గుడికి పోయే దారిలో వదిన దాన్ని నొక్కింది. రెండుసార్లూ వెంటనే మనుషుల్ని పంపగలిగాం. అప్పటినుంచి నాకు ఆమె గురించి దిగులు తగ్గింది.

ఆ రోజు వాయుగుండం తీరం దాటి వాన తెరిపి ఇచ్చింది. బడి తెరిచారు. పొద్దున్నే వదినకు ఫోన్ చేశాను. ఇల్లు కారుతోందేమో కనుక్కుందామని. మోగింది, ఎత్తలేదు. ఇంటర్వెల్‌లో మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఒడ్డుకు పోయి ఉంటుందిలే అనుకున్నాను. ఏదైనా జరిగి ఉంటే బటన్ మోగేది కదా. మోగలేదంటే బాగున్నట్టే. అలా అనుకునే ఏడో తరగతిలో లెక్కలు చెప్పాను. పిల్లలు అడిగినదానికల్లా తీరిగ్గా బదులిచ్చాను.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తూ, ఊరికే ఆ బిళ్ళ నంబరుకే ఫోన్ చేశాను. అందుబాటులో లేదని వినిపించింది. ఇంకోసారి చేశాను. అదే మాట. చార్జింగ్ విషయంలో వదిన చాలా జాగ్రత్త మనిషి. రోజూ పడుకోబోయే ముందు దాన్ని చార్జర్‌కు తగిలించి, దేవుడికి దండం పెట్టుకున్నట్టే దానికీ పెట్టుకునేది. చార్జింగ్ అయిపోయి ఉండదు. డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను.

మా ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీలో ఉంటే ఫోన్ ఎత్తరు. హెడ్మాస్టరు గారితో ఒక మాట చెప్పి స్కూటీ తీశాను. దారిలో వాగు చప్టా మీద నీళ్ళు పారుతున్నాయి. అవతలి గట్టు మీద నిలబడ్డ ఒకాయన "రాబాకమ్మా, బండి జారతాది" అని చేతులూపాడు. వినలేదు. కాళ్ళు రెండూ కిందికి దింపి, నీళ్ళలో బండిని తోసుకుంటూ దాటాను. ఒక చెప్పు కొట్టుకుపోయింది.

వదిన ఇంటి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఫోన్ చేస్తే లోపల మంచం మీద మోగుతున్నట్టు వినిపించింది. పక్కింటావిడ వసారాలో కూర్చుని వల బాగుచేస్తోంది.

"వదిన కనపడిందా అక్కా?"

"లేదు టీచరమ్మా. పొద్దున్నించీ తలుపు తియ్యలే. వానకి పడుకోనుందనుకున్నా."

వెనక్కు పరిగెత్తాను. పెరట్లో స్నానాల గది రేకు తలుపు వేసి ఉంది. కొట్టి పిలిచాను. మళ్ళీ కొట్టాను. చాలా నీరసంగా, కోపంగా గొంతు వచ్చింది.

"ఇంతసేపా మే?"

తలుపు లాగాను. లోపల గడియ పెట్టి ఉంది. నా వెనకే వచ్చిన పక్కింటావిడ మొగుణ్ణి కేకేయబోతే లోపల్నించి వదిన గట్టిగా అరిచింది. "మగోళ్ళని రానీబాకండి! నా ఒంటి మీద గుడ్డ ల్యా!"

పక్కింటావిడే గడ్డపార తెచ్చి గడియ పెకలించింది. వదిన తడి నేల మీద పక్కకు ఒరిగి ఉంది. ఒక కాలు మెలికపడినట్టు ఉంది. పెదాలు నీలంగా మారి ఒళ్ళంతా వణుకుతోంది. పిడికిట్లో బిళ్ళ. దాని మీద ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది. నా చున్నీ, పక్కింటావిడ తెచ్చిన దుప్పటి కప్పి, అంబులెన్స్‌కు ఫోన్ చేశాం.

"వాసన రాంగానే నొక్కినా. తెలివొచ్చినాక మళ్ళీ నొక్కినా. ఎన్నిసార్లు నొక్కిననో నాకే తెలవదు. దీపం ఎలగతానే ఉండాది. నువ్వు దోవలో ఉండావులే అనుకున్నా."

పక్కింటావిడ ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఈడ్నే కూసోనున్నా గదమ్మా! ఒక్క కేక ఎయ్యకూడదా?"

"ఇట్టా పడున్నదాన్ని, వీధిలో అందర్నీ ఎట్టా పిలవను? ఈమె వస్తా ఉంది గదా అనుకున్నా."

తుంటి ఎముక విరిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేశారు. వదిన కాస్త తేరుకున్నాక, మా ఆయనను ఆమె దగ్గర కూర్చోబెట్టి, బిళ్ళ పట్టుకుని ఒక ఫోన్ల దుకాణానికి వెళ్ళాను. అక్కడ కూర్చున్నాయన దాన్ని విప్పి, సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేశాడు.

"బిళ్ళ బాగానే ఉంది మేడమ్. మీ వైపు టవర్లలో పాత సిగ్నల్ తీసేసినారు. ఇప్పుడంతా కొత్తదే. ఈ బిళ్ళకి పాతదొక్కటే తెలుసు. దొరకదని తెలవక వెతుక్కుంటా ఉంటాది, అందుకే దీపం."

"మరి మాకు చెప్పొద్దా?"

ఆయన ఫోన్ నా వైపు తిప్పాడు. కంపెనీ వాళ్ళు చెప్పారు. పాత సేవలు ఆగిపోతున్నాయి, మార్చుకోండి అని వరసగా మెసేజ్‌లు ఉన్నాయి. అన్నీ ఆ సిమ్‌కే వచ్చాయి. తెర లేని బిళ్ళకు, వదిన మెడలోకి. ఆమె వాటిని ఛాతీ మీద వేలాడదీసుకుని చేపలు తిరగేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. నా మాట విని మా బడి తెలుగు టీచరు కూడా అదే బిళ్ళ కొన్నారు. ఆమె భర్తకు గుండె జబ్బు. రోజూ ఒంటరిగా రొయ్యల గుంటల దగ్గరికి పోతారు. దుకాణంలో నిలబడే ఆమెకు ఫోన్ చేశాను.

"సార్ యాడున్నారు?"

"గుంటల కాడికి పోయినారు. ఏం, గొంతు అట్టా ఉండాది?"

"ఆయనకు ఫోన్ చేసి బటన్ నొక్కమనండి. ఇప్పుడే. మీకు మోగిందో లేదో నాకు చెప్పండి."

ఎదురుచూశాను. దుకాణమాయన స్టూలు జరిపినా కూర్చోలేకపోయాను. చివరికి ఆమె ఫోన్ వచ్చింది.

"దీపం ఎలిగిందంట. నాకు మాత్రం ఏం రాలేదు. ఆయన్ని ఇంటికి వచ్చేయమన్నా," అంది.

కొత్త సిగ్నల్ మీద పనిచేసే బిళ్ళలు తెప్పించాం. మా వదినది వంటింట్లో, పెరట్లో, స్నానాల గదిలో తలుపు వేసి, ఒడ్డున కూడా నొక్కి చూశాను. వదిన చేతికర్రతో నా వెంట తిరుగుతూ, "ఇదెన్నాళ్ళకి మూగబోతాదో?" అంది. ఆదివారం ఆదివారం నొక్కి చూసుకుందాం అన్నాను. స్నానాల గదికి గడియ తీసేయించి తెర కట్టించాం. దానికి ఒప్పుకోవడానికి ఆమెకు ఎముక అతుక్కున్నంత కాలం పట్టింది.

ఎండలు ముదిరాక ఒకరోజు క్లాసులో ఉండగా నా ఫోన్ మోగింది. బిళ్ళ నంబరు. ఎత్తేసరికి అవతల వదిన గొంతు కాదు, పక్కింటావిడది.

"కంగారు పడబాక టీచరమ్మా. నన్ను కేకేసి, తర్వాతే ఇది నొక్కింది. తల నా ఒళ్ళోనే పెట్టుకోనుండా. తెలివొస్తా ఉండాది."

సరేనన్నాను. సుద్దముక్క పక్కన పెట్టి, స్కూటీ తాళాల కోసం సంచి వెతుక్కున్నాను.