మొఖానికి పూసుకున్న కల్లు

ఛాయ్ పోసుకొని కూసోండ్రి, చెప్త. సగం ముచ్చట మీకు ఎట్లనో వీడియోల వచ్చే ఉంటది. "బెల్టుషాపు బంద్ చెయ్యాలన్న సుజాతక్కనే కల్లు తాగొచ్చింది" అని కింద రాసి, మీద డప్పుల మోత పెట్టి మరీ పంపిండ్రు. మస్కట్ల ఉన్న మా ఆయనకు సాయంత్రం లోపట్నే చేరింది. ఫోన్ చేసి, "ఏందే, నేను లేనిది చూసి మొదలువెట్టినవా?" అన్నడు. మిగతా సగం మా ఊరోళ్లకు తప్ప ఎవ్వలకు ఎరుకలేదు. గది నా నోటితోని నేను చెప్పుకుంటేనే ఇజ్జత్ దక్కుతది.

మా ఊరు ముస్తాబాద్ దాటినంక వస్తది గద. బడికి పోయే తొవ్వల శీనుది కిరాణం. ముంగట ఉప్పు, పప్పు. లోపట క్వార్టర్ సీసలు. గసొంటి దొంగ దుకాణాన్నే మేం బెల్టుషాపంటం. ఎక్సైజోళ్లకు చెప్పిన ప్రతిసారి, వాళ్లు వచ్చేలోపట సీసలు మాయం. శీను పెద్ద బొట్టు పెట్టుకొని అగర్బత్తి ముట్టిచ్చుకుంట కూసోని ఉంటడు. ఆయన్ను చూస్తే మనకే దండం పెట్టబుద్ధైతది.

మహిళా సంఘానికి లీడర్ని నేను. మా ఇంటి పక్కన లచ్చవ్వ ఉంటది. దినమంత నడుము వంచి బీడీలు చేస్తది. ఆమె పెనిమిటి రాజయ్య గా బీడీల కష్టం తీస్కపోయి శీను కాడ పోస్తడు. ఓనాడు లచ్చవ్వ బీడీల చాట ఒళ్లె పెట్టుకొని, "అక్కా, మా తరఫున నువ్వొక్కదానివే నిలవడ్డవు. నువ్వు గూడ సల్లవడితే మేం ఎవలకు చెప్పుకోవాలె?" అన్నది. ఎట్లనన్న గా దుకాణం మూపియ్యాలె అని గప్పుడే గట్టిగ అనుకున్న.

పంచాయితి ముంగట ధర్నా చేసినం. ఎవలో ఫోటో తీసి గ్రూపుల పెట్టిండ్రు. కోరుట్లల మా చెల్లె లతకు బ్యూటీ పార్లర్ ఉన్నది. గా ఫోటో చూసి ఎంబటే ఫోన్ చేసింది.

"అక్కా, నీ మొఖమేంది గట్ల వాడిపోయింది? ఆఫీసర్లకు బెల్టుషాపు మీద కోపం వచ్చుడు కాదు, నీ మీద జాలి వచ్చేటట్టున్నది."

ఫోన్ పెట్టేసి అద్దంల చూసుకున్న. ముక్కు పక్కల నుంచి మూతి దాక రెండు గీతలు, నాగలి తోని సాలు తీసినట్టే ఉన్నయి. చెంపలు లోపటికి పోయినయి. ఎండల తిరుగుడు, మందితోని లొల్లి, మొఖం ఉంటదా మరి? గని చెల్లె అన్న మాట మాత్రం ముల్లు లెక్క గుచ్చుకున్నది.

లత ఊకుంటదా? నన్ను జగిత్యాలకు స్కిన్ డాక్టర్ కాడికి గుంజుకపోయింది. ఏసీ రూంల కూసోవెట్టి, డాక్టర్ నా గదుమ పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"చెంపలు తగ్గినయి మేడం. ఫిల్లర్ వేస్తే నిండుతయి."

"గదేంది సార్?"

"జెల్ లాంటిది. సూదితో చెంపలోకి ఎక్కిస్తాం."

సూది అనంగనే నా కాళ్లు చెప్పుల కోసం దేవులాడినయి. డాక్టర్ నవ్విండు. "భయమైతే న్యాచురల్ ట్రీట్మెంట్ ఉంది మేడం. మీ రక్తమే కొంచెం తీసి, మిషన్లో తిప్పి, మళ్లీ మీ మొఖానికే ఇస్తాం. మీ చర్మం దానంతట అదే కొత్తగా తయారవుతుంది."

"నా రక్తం తీసి నాకే ఇచ్చుడేంది సార్? తియ్యకుంటే నా కాడనే ఉంటది గద."

"ఒక్క సిట్టింగుకే తేడా కనపడదు మేడం. నాలుగైదు పడతయి."

ఒక్కదానికే నేను లేచి ఉరుకబోతి, ఇంక నాలుగైదా? ఆలోచించి చెప్తనని లేచొచ్చిన. లత తొవ్వ పొడుగూత నారాజే. కోరుట్లల దాని పార్లర్ కాడ దిగినంక, "సరే, సూది వద్దంటే గిదన్న వాడు" అని ఓ చిన్న సీస తెచ్చి మూత తీసింది. కొరియా దేశం సీసనట.

వాసన చూసిన. మళ్లొకసారి చూసిన. గీ వాసన నాకు పుట్టినప్పటి సంది ఎరుకనే. మాది గౌండ్లిల్లు. మా బాపు మోకు భుజానేసుకొని తాళ్లెక్కినోడు. పొద్దుగాల ఆయన దించిన కల్లు లొట్టిల ఉండి ఉండి మాపటికి పులిస్తే ఏ వాసనొస్తదో, గా సీసల గదే వాసన.

"లతా, గిది బాపు లొట్టి వాసన గదనే?"

"ఛీ, ఏం మాటక్కా గది. ఇది ఫర్మెంటెడ్. పులిసిన బియ్యం నీళ్లు. పాత తోలు పోయి కొత్త తోలు వస్తది."

"పులిసినయే గద?"

"పులిసినయే. గని సైన్స్ ప్రకారం పులిసినయి."

సిరిసిల్ల దాక బస్సుల గదే ఆలోచన. బియ్యం నీళ్లు పులిస్తే కొత్త తోలు వస్తే, తాటికల్లు ఏం పాపం చేసింది? పైన ఉన్న కల్లుకే గంత సత్తువుంటే, లొట్టి అడుగున తెల్లగ, చిక్కగ దిగే మడ్డిల ఇంకెంతుండాలె? కల్లును నేనెన్నడు తిట్టలే. గది మా ఇంటి బువ్వ. నా లొల్లంత శీను సీసల మీదనే. తాగుడుకు కాదు, పూసుకునుడుకే గద అని నాకు నేనే పర్మిషన్ ఇచ్చుకున్న.

ఎక్సైజ్ సారు విచారణకు వస్తనన్న రోజు రానే వచ్చింది. పదకొండింటికి పంచాయితి ఆఫీసుల మీటింగు. పొద్దుగాలనే మా మరిది ఇంటికి పోయిన. ఆయన ఇప్పటికి తాళ్లెక్కుతడు.

"నిన్నటి లొట్టి ఉన్నదా? బాగ పులిసింది కావాలె. అడుగు మడ్డి గూడ పొయ్యి" అన్న.

మరిది నా దిక్కు చూసిండు, నా చేతుల చెంబు దిక్కు చూసిండు. "ఎవలకు వదినె?"

"నాకే. ఎవలకు చెప్పకు."

పాపం, ఏమనుకున్నడో ఏమో. చెంబు నిండ పోసి, పైన తువ్వాల కప్పి, అటిటు చూసి చేతుల పెట్టిండు.

ఇంటికొచ్చి మడ్డిల శనగపిండి, గుడ్డు తెల్లసొన కలిపిన. మొఖానికి, మెడకు దండిగ పట్టిచ్చిన. ఎంటికలకు సుత మంచిదే కావచ్చని మిగిలిన కల్లు నెత్తికి పోసుకున్న. టైం మస్తుంది, ఆరనీ అని ఫ్యాన్ కింద కండ్లు మూసుకొని పన్న. నాకంటే ముందు ఈగలకు నచ్చింది గా ట్రీట్మెంటు.

తొమ్మిదిన్నర గూడ కాలే, లచ్చవ్వ తలుపు దబదబ కొట్టింది. "అక్కా, జెల్ది రా. సారు అప్పుడే అచ్చిండు. శీను పోయి ముంగట కుర్చీల కూసున్నడు."

ఉరికి నల్లా తిప్పిన. సుయ్యిమన్నది, సుక్క రాలె. ఎక్కడ్నో పైపు పగిలిందట. బిందె అడుగున గ్లాసెడు నీళ్లుంటే తువ్వాల తడిపి తుడుసుకున్న. పైపైన పిండి రాలింది గని లోపటిది సిమెంటు లెక్క పట్టింది. గా తుడుసుడుల కల్లు కండ్లల్లకు పోయింది. మంటకు కండ్లు రెండు నిప్పులే. ఇంగ చేసేదేముంది? మంచి చీర చుట్టుకున్న, నెత్తి ముడేసుకున్న, ఉరికిన.

ఎండకాలం. పంచాయితి చేరేసరికి చెమటలు కారుతున్నయి. ఎండిన కల్లు మీద చెమట పోస్తే ఏమైతదో మా బాపు నాకెన్నడు చెప్పలే. వాసన నాకంటే ముందు లోపటికి పోయింది, ఎనుక నేను పోయిన.

కండ్లు తెరవరాక గడప తట్టుకొని తూలిన. సార్ పట్టుకుందామని లేచిండు, వాసన తగలంగనే మళ్ల కూసున్నడు. నమస్తే సార్ అందామని నోరు తెరిచిన. చెంపలు బిగుసుకపోయి కదుల్తలెవ్వు. "నమ్మత్తే ఛార్" అని వచ్చింది. ఇగ చూస్కోండ్రి. కండ్లు ఎర్రగ, నడక వంకర, మాట ముద్ద, వాసన ఊరంత. తాగినోళ్లకు ఉండాల్సినయి అన్ని ఉన్నయి నాకు, తాగుడొక్కటి తక్కువ.

శీను లేచి చేతులు కట్టుకున్నడు. "సార్, నేను ఉప్పు పప్పు అమ్ముకొని బతికేటోన్ని. నా మీద కంప్లయింట్ ఇచ్చింది గీ అక్కనే. మీరే చూడుండ్రి."

చూసుడేంది, అందరు ముక్కులు గూడ మూసుకున్నరు. ఎనుక నిలవడ్డ మొగోళ్లు కిసకిస నవ్వుతున్నరు. ఎవలో ఫోన్ బయటికి తీసిండ్రు.

"ఏమ్మా, తాగొచ్చావా?" అన్నడు సార్.

"తాగలే సార్. మొఖానికి పూసుకున్న."

పంచాయితి రేకులు లేచిపోయేటట్టు నవ్విండ్రు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన, గని ఏ అబద్దం చెప్పినా ఇంత నవ్వకపోదురు.

మా మరిది నన్ను కాపాడుదామని లేచిండు. "సార్, మా వదినె గసొంటిది కాదు. శీను సీసలు ముట్టనే ముట్టదు. మా ఇంట్ల కల్లే తీస్కపోయింది. బాగ పులిసిందే కావాలన్నది. ఎవలకు చెప్పకన్నది, నేను ఇప్పటిదాక ఎవలకు చెప్పలే."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరని పెద్దలు ఊకెనే అన్నరా? గది పాలు తాగినోని కత. నేను కల్లే పూసుకొని పోతి, పాలంటే ఎవలు నమ్ముతరు?

గంతమంది నవ్వినా ఓర్సుకున్న. గని లచ్చవ్వ పక్కకొచ్చి మెల్లగ, "అక్కా, నువ్వు గూడనా?" అన్నది. గప్పుడు నిజంగ ఏడుపొచ్చింది. నా ఇజ్జత్ పోతే పోయింది. లచ్చవ్వ కష్టమంత మళ్ల శీను గల్లల పడుతది, గది సుత నా మొఖం సోకు కోసం. సార్ పెన్నుకు మూత పెట్టిండు. లేవబోతున్నడు.

"సార్, మీ కాడ ఊదుడు మిషన్ ఉన్నదా?" అన్న.

సార్ ఎంబడి ఓ పోలీసాయన వచ్చిండు. జీపులకెల్లి మిషన్ తెచ్చి, "ముందు మొఖం కడుక్కొని నోరు పుక్కిలించమ్మా" అని తన నీళ్ల బాటిల్ గూడ ఇచ్చిండు. కడుక్కున్న, పుక్కిలించిన, ఊపిరున్నంత ఊదిన. మిషన్ సప్పుడు చెయ్యలే. సున్న చూపెట్టింది.

నవ్వులు ఆగిపోయినయి. సార్ మిషన్ దిక్కు చూసి నా దిక్కు చూసిండు. "మరి మొఖానికి ఎందుకమ్మా కల్లు?"

ఇగ దాచేదేమున్నది? అంత చెప్పిన. జగిత్యాల ఫిల్లర్, నా రక్తం నాకే ఇచ్చుడు, కోరుట్ల పార్లర్ల కొరియా సీస, పాత తోలు పోయి కొత్త తోలు వచ్చుడు. సార్ మూతి బిగవట్టుకొని ఇన్నడు.

"మరి మెరిసిందా?"

"ఒక్క సిట్టింగుకే ఏం మెరుస్తది సార్" అన్న.

శీనుకు ఒళ్లు మండింది. "మిషన్ ఖరాబైంది సార్. గంత వాసనొస్తుంటే సున్న ఎట్లొస్తది?" అని ఒర్లిండు.

"అవునా? అయితే చెక్ చేద్దాం. నువ్వు ఊదు" అన్నడు సార్.

శీను ఎనుకకు జరిగిండు. ఎనుక గోడున్నది. పోలీసాయన మిషన్ మూతి కాడ పెట్టిండు. శీను గింత ఊదిండో లేదో, గది కీసుకీసుమని మొత్తుకున్నది.

"మిషన్ మంచిగనే ఉంది" అన్నడు సార్. "వైన్స్ ఇంకా తెరవనే లేదు కదా. పొద్దున్నే నీకెక్కడ దొరికింది?"

శీను కిందికి చూస్తున్నడు. రాజయ్య మస్తు మర్యాదస్తుడు. గంత పెద్ద సారు అడిగితే ఎవ్వలు జవాబు చెప్తలేరని బాధనిపిచ్చిందో ఏమో, లేచి దండం పెట్టిండు.

"దొరుకుడేంది సార్, వీళ్ల కిరాణంలనే. ఉప్పుబస్తా ఎనుక పెడతడు. పొద్దుగాల ఇద్దరం గాడ్నే కూసున్నం."

పోయి చూస్తే గా ఉప్పుబస్తా ఎనుక ఉప్పు తప్ప అన్ని దొరికినయి. దుకాణానికి సీల్ పడ్డది. లచ్చవ్వ నన్ను అలుముకొని ఏడ్చింది, నవ్వింది, మళ్ల ముక్కు మూసుకున్నది.

ఇగ నా మొఖం ముచ్చట. తెల్లారి లేచేసరికి ఒకటే దురద. కొత్త తోలు సంగతి దేవునికెరుక, పాత తోలు మీదనే బొబ్బలు లేచినయి. చెంపలు మాత్రం మంచిగ ఉబ్బి నిండుగైనయి, ఏ ఫిల్లర్ అక్కర లేకుంటనే. వీడియో కాల్ల చూసి లత, "అక్కా, చెంపలు వచ్చినయి గదా, ఏ డాక్టర్ కాడ చేపిచ్చుకున్నవ్?" అని అడిగింది. నేను ఫోన్ పెట్టేసిన.

గియన్ని ఒకెత్తు. నిన్న సాయంత్రం రాజయ్య ముస్తాబాద్ వైన్స్ కాడికెల్లి ఆటోల వచ్చి దిగిండు. తొవ్వ ఈ అంచు నుంచి ఆ అంచు దాక కొలుసుకుంట వస్తున్నడు. కండ్లు ఎర్రగ, మాట ముద్ద. నడుము మీద చేతులు పెట్టుకొని అడ్డం నిలవడ్డ.

"రాజయ్యా, తాగినవా?"

"ఒట్టు సుజాతక్కా, తాగలే. మొఖానికి పూసుకున్న."

ఏమనాలె నేను? ఊర్ల గా మాట మొదలు అన్నదే నేనాయె. అయినా ఇడువబుద్ధి కాలే. "పూసుకుంటే మొఖం మెరవాలె గద, మరి మెరుస్తలేదేంది?" అన్న.

రాజయ్య కరెంటు స్తంభం పట్టుకొని నిలదొక్కుకున్నడు.

"ఒక్క సిట్టింగుకే ఏం మెరుస్తదక్కా" అన్నడు.