నలభైసార్లు చెప్పిన గోడ

నా చేతిపని మొట్టమొదటిసారి నలుగురి ముందుకు వచ్చిన రోజున, అందరూ దానివైపు చూస్తుంటే నేనొక్కణ్ణే పారిపోవడానికి సందు ఎటుందా అని చూశాను. మీరు నవ్వుకోవచ్చు, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. ఆ రోజు మాత్రం రాలేదు.

రెండు వేల ఐదో, ఆరో. డిగ్రీ అయిపోయి, కడపలో స్టీలు సామాన్ల అంగడి పైన ఉన్న కంప్యూటర్ సెంటరులో త్రీడీ బొమ్మలు నేర్చుకుంటున్నాను. కట్టని ఇంటిని కట్టినట్టు చూపించే విద్య అది. గోడలు లేపడం నెలలో వచ్చేసింది. వాటిని నిజం గోడల్లా కనిపించేట్టు చేయడమే రాలేదు. నేను ఇటుక వేస్తే బర్ఫీ ముక్కలా, అద్దం వేస్తే గంజి గిన్నెలా ఉండేది.

అప్పుడు వచ్చాడు బట్టల వ్యాపారి సుబ్బయ్య శెట్టి. కొత్త అంగడికి భూమిపూజ చేస్తున్నాడు. కట్టబోయే అంగడి ఎలా ఉంటుందో ఆ రోజుకల్లా పదడుగుల ఫ్లెక్సీ మీద చూపించాలట. మాకు నేర్పే మస్తాన్ సార్ ఆ పని నాకే అప్పగించారు.

"ఇది బాగా చేసినావంటే నిన్ను ఈడనే పాఠాలు చెప్పేదానికి పెట్టుకుంటా," అన్నారు. ఆ మాటతో నాకు అన్నం సహించడం మానేసింది.

మొదటి బొమ్మ చూసి శెట్టి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ఏమప్పా, నేను కడప బండతో కడతాండా. బండ యాడ?"

"అదే బండ, శెట్టిగారూ."

"ఇదా! మా మనవడు ఇట్లాంటి డబ్బాలో పెన్సిళ్లు పెట్టుకుంటాడు."

ఆయన వెళ్లాక మస్తాన్ సార్ తన డిజిటల్ కెమెరా నా మెడలో వేశారు. "నిజం బండ మాదిరి కనపడల్లంటే నిజం బండనే అంటించల్ల. పోయి ఫొటో తీసుకోనిరా."

అంటే, నిజమైన గోడను ఫొటో తీసి, దాన్నే పక్కపక్కన అతికించుకుంటూ కంప్యూటరులోని గోడ నిండా పరిచేయడం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఊరంతా తిరిగితే ఒక గోదాము వెనక బండల గోడ దొరికింది. నల్లగా, పగుళ్లతో, వానలకు వెలిసిన తెల్ల మరకలతో మహా అందంగా ఉంది. ముక్కు మూసుకుని మరీ ఫొటో తీశాను. ముక్కు ఎందుకు మూసుకోవలసి వచ్చిందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే మీకీ కథ చెప్పే అవసరమే ఉండేది కాదు.

ఆ ఫొటో అతికించి, ముందు అరచేతంత బొమ్మ వేసి చూసుకున్నాం. పూర్తి సైజులో వేయాలంటే మా కంప్యూటరుకు ఆరు గంటలు పట్టేది. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ మొదటికే.

"శభాష్!" అన్నారు సార్. "ఆ మరకలు చూడు, ఎంత సహజంగా వచ్చినాయో!"

"వాటి కోసమే ఆ గోడ ఎంచుకున్నా సార్," అన్నాను, నా మీద నాకే గౌరవం పుట్టుకొచ్చి.

మర్నాడు పెద్ద బొమ్మ తయారైంది. తెరిచి చూడబోతే కంప్యూటరు బిగుసుకుపోయింది. ఇక చూడకుండానే సీడీలో వేసి ఫ్లెక్సీ వాళ్లకు ఇచ్చేశాను.

భూమిపూజ పొద్దున షామియానా నిండా చుట్టాలు. ఉత్సాహం ఆగక ఫ్లెక్సీ కట్టడానికి నేనే నిచ్చెన ఎక్కాను. ఆఖరి ముడి వేస్తూ నా గోడను జానెడు దూరం నుంచి చూశాను. మరకలకు తలకట్లున్నాయి. కొమ్ములున్నాయి. ఒకదాని కింద రావత్తు కూడా ఉంది.

నిచ్చెన దిగానో, జారానో గుర్తులేదు.

"సార్... ఆ మరకలు మరకలు కాదు."

"మరేంది?"

"అక్షరాలు."

సార్ కళ్లు చిన్నవి చేసి చూశారు. పెదవులు కదిలాయి. "ఎన్ని తూర్లు ఉండాది?"

"అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఐదు సార్."

"నోరు మూసుకోని నిలబడు. దూరం నుంచి ఎవురికీ తెలీదులే. అల్లా ఉండాడు."

దేవుడున్నాడు సరే, శెట్టిగారి తల్లి నాగమ్మవ్వ కూడా ఉంది. అరవయ్యో ఏట వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. అప్పటినుంచి కంటపడ్డ బోర్డునల్లా పైకి చదివితే తప్ప అడుగు ముందుకు వేయదు. ఆమె నేరుగా వచ్చి ఫ్లెక్సీ ముందు నిలబడింది.

"ఇ... చ్చ... ట. ఇచ్చట!"

"అవ్వా, కుర్చీ వేస్తా, ఇట్ల కూర్చోండి," అన్నాను.

"ఉండప్పా, చదువుతాండా కదా. మూ..."

"మూడంతస్తులని రాసినాం అవ్వా!"

"కాదప్పా, కింద ర ఉండాది. మూ... త్ర..."

పంతులుగారి మంత్రం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అవ్వ బడిపిల్లలా గొంతు సవరించుకుని, ఒక్క తప్పూ లేకుండా అప్పజెప్పింది: "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు!" తర్వాత కొడుకువైపు తిరిగింది. "సుబ్బయ్యా, మన కొత్తంగట్లో ఎవురు పోస్తారురా?"

షామియానా కూలినంత నవ్వు. శెట్టి నావైపు రెండడుగులు వేయడం చూశాను. మూడో అడుగు చూడలేదు. అప్పటికే వీధి చివర ఉన్నాను.

పది రోజులు ఆ వీధి ముఖం చూడలేదు. సార్ నాతో మాట్లాడటం మానేశారు. పాఠాలు చెప్పే ఉద్యోగం సంగతి అడిగే ధైర్యం నాకెక్కడిది? పదకొండో రోజు శెట్టి కబురు పంపాడు, ఇద్దరినీ రమ్మని. దారి పొడుగునా సార్ నోట్లో ఏవో ప్రార్థనలు. నేను క్షమాపణ చెప్పే వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో తేలక, అడుగడుక్కూ మార్చుకుంటున్నాను.

వెళ్లి చూస్తే ఫ్లెక్సీ ఇంకా అక్కడే కట్టి ఉంది!

"రాప్పా రా. యాడ దాక్కున్యావు?" అన్నాడు శెట్టి. "తప్పయిపోయింది శెట్టిగారూ, వేరేది చేసి..." అనబోతే చేయి అడ్డం పెట్టాడు.

"మూడేండ్ల నుంచి బజారోళ్లంతా నా ఈ జాగాలోనే పోస్తాండిరి. బోర్డు పెట్టినా, తిట్టినా, మనిషిని కాపలా పెట్టినా, ఒక్కడూ ఇనలేదు. నీ బొమ్మ కట్టినాక ఈ పక్కకు ఒక్కడూ రాలేదు. ఒకతూరి చెప్తే ఇనరు గానీ, నలభైతూర్లు చెప్తే సిగ్గుపడతాండారు!"

మస్తాన్ సార్ పదకొండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి వదిలారు. శెట్టి నా భుజం మీద చేయి వేసి, గొంతు తగ్గించాడు.

"ఎనకపక్కకూ ఒకటి చేసియ్యప్పా. ఈసారి మరకలు ఇంకొంచెం పెద్దగా రానీ. మా అమ్మకు శానా దగ్గరికి పోతేగానీ కనపడలేదు."

ఆ సాయంత్రమే కంప్యూటరు మీద కుడిచేయి పెట్టి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ గోడనైనా సరే, పైనుంచి కిందికి ఆసాంతం చదివి, వత్తులతో సహా అర్థం చేసుకున్న తర్వాతే ఫొటో తీస్తానని.